ప్రవేశ పరీక్షల ఇంగ్లీషు: తెలుగింటి పిల్లలకు సాధన మార్గం

డిగ్రీ చివరి సంవత్సరంలోనో, ఇంజనీరింగు పూర్తి చేసియో ఉన్న పిల్లలు గల ఉద్యోగుల ఇళ్లలో ఎం.బి.ఏ. ప్రవేశ పరీక్షల ప్రస్తావన ఏటా వస్తూనే ఉంటుంది. గణితంలోను, తర్కంలోను మన పిల్లలకు భయం తక్కువ. ఇంగ్లీషు అనేసరికి చాలామంది వెనుకంజ వేస్తారు. ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆ పరీక్షలు తమకు కావనే నిర్ణయానికి ముందుగానే వచ్చేస్తారు. ఇందులో నష్టం చిన్నది కాదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంస్థలు మొత్తం మార్కులతోపాటు ఒక్కొక్క విభాగానికి విడిగా కనీస స్థాయిని నిర్ణయిస్తాయి. లెక్కలలో ఎంత ప్రతిభ చూపినా ఇంగ్లీషు విభాగంలో ఆ స్థాయి అందకపోతే తలుపు మూసుకుపోతుంది. ఆ తలుపు తెరిచే సాధన ఇంటివద్దనే ఎలా చేయవచ్చో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పరీక్షలు ఏమి కోరుతున్నాయి?

1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో ప్రారంభమైన ఐ.ఐ.ఎం.ల పరంపరలో 2015లో విశాఖపట్నం కూడా చేరింది. వీటి ప్రవేశానికి జరిగే క్యాట్ పరీక్ష 2009 నుండి కంప్యూటరు మీద జరుగుతున్నది. 2024లో ఇంగ్లీషు విభాగానికి 40 నిమిషాలలో 24 ప్రశ్నలు ఇచ్చారు. అందులో 16 ప్రశ్నలు నాలుగు గద్యభాగాల అవగాహనకు సంబంధించినవి. మిగిలిన ఎనిమిది పేరాల సారాంశం, చెదిరిన వాక్యాల క్రమం వంటివి. పూర్వం వలె ‘ఈ వాక్యంలో తప్పు ఏది?’ అని నేరుగా అడగడం ఇటీవల కనబడదు. విదేశీ విద్యకు ఉపయోగపడే జీమ్యాట్ సైతం 2023లో వచ్చిన కొత్త రూపంలో వాక్య సవరణ ప్రశ్నలను తొలగించింది.

అయితే వ్యాకరణం అనవసరమా? ముమ్మాటికీ కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ఐసెట్‌లోను, సింబయాసిస్ వారి స్నాప్‌లోను వ్యాకరణం, పదజ్ఞానం నేటికీ నేరుగానే పరీక్షింపబడుతున్నాయి. క్యాట్‌లో సైతం నాలుగు పంక్తుల దీర్ఘవాక్యంలో కర్త ఎవరో, క్రియ ఏదో పోల్చుకోలేనివారు భావాన్ని పట్టుకోలేరు. పరీక్ష గట్టెక్కిన తరువాత ఎదురయ్యే వ్యాసరచన, ఇంటర్వ్యూ ఉండనే ఉన్నాయి.

తప్పులు పుట్టే చోటు

మన పిల్లల తప్పులలో అధికభాగం తెలివి తక్కువ వల్ల వచ్చేవి కావు. తెలుగు వాక్యపు అచ్చులో ఇంగ్లీషు మాటలు పోయడం వల్ల వచ్చేవి. ఆ చోట్లు తెలిస్తే సాధన సగం తేలిక అవుతుంది.

‘పదేళ్లుగా ఇక్కడ పని చేస్తున్నాను’ అనేది చక్కని తెలుగు. దానినే ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటే రెండు తప్పులు దొర్లుతాయి. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి ‘హావ్ బీన్ వర్కింగ్’ రావాలి. గడచిన కాలం నిడివికి ‘ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. ప్రారంభమైన సమయం చెప్పినప్పుడే ‘సిన్స్ 2015’.

విభక్తులది మరో చిక్కు. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటు ‘డిస్కస్ అబౌట్’ అనిపిస్తుంది. ‘డిస్కస్’ తరువాత ఏ విభక్తీ అక్కరలేదు. ‘కంటె’ అనే మాట ‘సుపీరియర్ దేన్’ అనిపిస్తుంది. ‘సుపీరియర్ టు’ సరియైనది. ‘తో’ అనేది ‘మ్యారీడ్ విత్’ అనిపిస్తుంది. ‘మ్యారీడ్ టు’ అనాలి.

తెలుగులో సలహాలు, పరికరాలు అని బహువచనం చెబుతాం. ఇంగ్లీషులో ‘అడ్వైస్’, ‘ఎక్విప్‌మెంట్’, ‘ఫర్నిచర్’, ‘ఇన్ఫర్మేషన్’ లెక్కకు రాని నామవాచకాలు. వాటి చివర ‘స్’ చేర్చరాదు.

కర్తకూ క్రియకూ పొంతన విషయం మరింత ఆసక్తికరం. ‘విడిభాగాల జాబితా సిద్ధంగా ఉంది’ అన్నప్పుడు మన భాషలో ప్రధాన పదమైన జాబితా క్రియకు దగ్గరగా నిలుస్తుంది. పొరపడే అవకాశమే లేదు. ఇంగ్లీషులో ‘ది లిస్ట్ ఆఫ్ స్పేర్ పార్ట్స్’ అన్నప్పుడు జాబితా దూరమై, బహువచనమైన విడిభాగాలు క్రియకు ఆనుకుంటాయి. అందుకే చేయి ‘ఆర్’ అని రాసేస్తుంది. రావలసినది ‘ఈజ్’. ‘ఆఫ్’కు ముందున్న పదమేదో చూచి క్రియ రాయడం అలవాటు చేసుకుంటే ఈ తప్పు తగ్గిపోతుంది.

ఆర్టికల్స్ మనకు లేవు కనుక వాటిని చెవితో నేర్వాలి. అక్షరం కాదు, శబ్దం ప్రధానం. ‘యూనియన్’ అచ్చు అక్షరంతో మొదలైనా పలికేది ‘య’కారం కనుక ‘ఎ యూనియన్’. ‘ఎం.బి.ఏ.’లో మొదటి అక్షరం హల్లు అయినా పలికేది ‘ఎ’కారం కనుక ‘యాన్ ఎం.బి.ఏ.’.

మన వ్యాకరణమే తోడ్పడే చోటు

బడిలో చదివిన సంశ్లిష్ట వాక్యం గుర్తున్నదా? ‘బాయిలరును తనిఖీ చేసి ఇంజనీరు నివేదిక సమర్పించాడు’ అనే వాక్యంలో తనిఖీ చేసినవాడూ, సమర్పించినవాడూ ఒక్కడే. రెండు క్రియలకూ సామాన్యంగా ఒకే కర్త ఉండాలని మనం చిన్ననాడే నేర్చుకున్నాం. ‘హావింగ్ ఇన్‌స్పెక్టెడ్ ది బాయిలర్, ది రిపోర్ట్ వాజ్ సబ్‌మిటెడ్’ అనే వాక్యంలోని లోపం సరిగ్గా ఇదే. బాయిలరును నివేదిక తనిఖీ చేసినట్లు అర్థం వస్తుంది. కామా తరువాత ‘ది ఇంజినీర్ సబ్‌మిటెడ్ ది రిపోర్ట్’ అంటే దోషం పోతుంది. వాక్య సవరణ ప్రశ్నలలో తరచు కనిపించే ఈ లోపాన్ని తెలుగు చదివిన విద్యార్థి ఇట్టే పట్టగలడు.

మాటల పొందిక

పదాల పట్టికలు కంఠస్థం చేస్తే అర్థం గుర్తుంటుంది గాని వాడుక పట్టుబడదు. ప్రతి మాటకూ సహవాసం చేసే మాటలుంటాయి. తెలుగులో చిక్కటి టీ అంటాం. ఇంగ్లీషువారు ‘స్ట్రాంగ్ టీ’ అంటారు. మనది పెద్ద వర్షం, వారిది ‘హెవీ రెయిన్’. కనుక కొత్త మాటను అది కనిపించిన వాక్యంతో సహా రాసుకోవాలి.

దగ్గరి పోలికలున్న జంటలపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. ఆర్థిక వ్యవస్థకు చెందినది ‘ఎకనామిక్’, పొదుపైనది ‘ఎకనామికల్’. ఆసక్తి లేనివాడు ‘అన్‌ఇంటరెస్టెడ్’, స్వప్రయోజనం లేని నిష్పక్షపాతి ‘డిస్‌ఇంటరెస్టెడ్’. లెక్కించగలవాటికి ‘ఫ్యూయర్’, లెక్కించలేనివాటికి ‘లెస్’. ఆఫీసు ఉత్తరాలలో కనిపించే ‘రిటర్న్ బ్యాక్’ వంటి పునరుక్తులను పరీక్షలో విసర్జించాలి.

ఇంటిలోనే పాఠశాల

ఖరీదైన శిక్షణ లేకపోయినా సాధనకు సామగ్రి మన ఇళ్లలోనే ఉన్నది. మన సంస్థ వార్షిక నివేదికలోని ఒక పేరా తీసుకోండి. ఐదు వాక్యాలను ఐదు చీటీలపై రాసి కలిపివేసి, పిల్లలను వరుసలో పేర్చమనండి. ‘దిస్’, ‘హౌఎవర్’, ‘సచ్’ వంటి మాటలు వెనుకటి వాక్యాన్ని ఎలా వేలెత్తి చూపుతాయో వారికే బోధపడుతుంది. క్యాట్‌లో అంకెలు టైపు చేయవలసిన ఇటువంటి ప్రశ్నలకు తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కనుక వాటిని ఖాళీగా వదలడం అవివేకం. ఐచ్ఛిక జవాబుల ప్రశ్నలలో మాత్రం ఒప్పుకు మూడు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత.

రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి, దాని సారాన్ని ముందు ఒక్క తెలుగు వాక్యంలో చెప్పించండి. చెప్పలేకపోతే చదివినది అర్థం కాలేదన్నమాటే. తరువాత అదే సారాన్ని ఇంగ్లీషులో రాయించండి. వ్యాకరణానికి రెన్ అండ్ మార్టిన్, పదజ్ఞానానికి నార్మన్ లూయిస్ పుస్తకాలు చాలు. పుస్తకాల సంఖ్య కన్న పునశ్చరణ ముఖ్యం. తప్పుల కొరకు ఒక ప్రత్యేక నోటుబుక్కు ఉండాలి. ప్రతి నమూనా పరీక్ష తరువాత తప్పు జవాబును, అది ఎందుకు తప్పో ఒక పంక్తి కారణాన్ని అందులో రాయాలి. నెల తిరిగేసరికి తాము పదేపదే చేసే తప్పులు ఐదారు రకాలేనని విద్యార్థులకు తెలిసివస్తుంది. ఆ ఐదారింటిపైనే శ్రమ పెట్టాలి.

ఇంగ్లీషు అంతగా రాని తలిదండ్రులు సైతం ఇందులో పాలుపంచుకోవచ్చు. చీటీలు కలపడానికి, గడియారం చూడడానికి, తెలుగు సారాంశం విని ‘ఇది నాకు అర్థమైంది’ అని చెప్పడానికి డిగ్రీలు అక్కరలేదు. కాలనీ గ్రంథాలయంలో వారానికొక గంట, నలుగురైదుగురు పిల్లలు కలిసి చదువుకునే ఏర్పాటు చేస్తే పదవీ విరమణ చేసిన పెద్దలు సంతోషంగా తోడ్పడతారు. తెలుగు బాగా వచ్చిన బిడ్డకు వాక్యమంటే ఏమిటో తెలుసు. ఆ తెలివిడిని రెండవ భాషకు మళ్లించడానికి కావలసినది నిత్యసాధన. ఈ పరీక్షలు తమకు కావని తలచే మన పిల్లలకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే.