డీజిల్ ఇంజను: శక్తి, నిశ్శబ్దం, పొదుపు

నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా పడమటికి సాగే రహదారిలో, పెన్నానది ఒడ్డున సంగం ఉంది. ఇక్కడి నుండి ఆత్మకూరు, ఉదయగిరి వైపు వెళ్ళేకొద్దీ మెట్టభూములు ఎదురవుతాయి. కరెంటు అందని రోజుల్లో ఇటువంటి పొలాలలో బావినీటిని తోడటానికి ఆయిల్ ఇంజనే ఆధారం. దాని చప్పుడు పొలిమేర దాకా వినిపించేది. నల్లని పొగ గట్టు మీద చెట్ల ఆకులకు పట్టుకొనేది. నేడు అదే దారిలో డీజిల్ కారులో ప్రయాణించేవారు గొంతు పెంచకుండానే మాట్లాడుకోగలుగుతున్నారు. ఇంధనం అదే, మూలసూత్రమూ అదే. మరి ఆ చప్పుడు ఏమైంది?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా మూలసూత్రాన్ని గ్రహించాలి. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన యంత్రాన్ని విజయవంతంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ వెలిగిస్తుంది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అవసరం లేదు. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు పదహారో వంతుకు కుదిస్తుంది. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం మనకు అనుభవమే. అదే విధంగా ఈ గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంతతానే మండుతుంది. సంపీడనం పెరిగేకొద్దీ ఉష్ణంలో పనిగా మారే భాగమూ పెరుగుతుంది. డీజిల్ ఇంజను పొదుపుకు ఇదే ప్రధాన కారణం.

అయితే ఆ గుణంలోనే ఒక దోషమూ ఉంది. చిమ్మిన ఇంధనం తక్షణమే అంటుకోదు. క్షణంలో వెయ్యోవంతు పాటి ఆలస్యం జరుగుతుంది. ఆలోగా పోగుపడిన ఇంధనమంతా ఒక్కసారిగా భగ్గుమనడంతో, పీడనం అకస్మాత్తుగా పెరిగి లోహపు గోడలను సుత్తిదెబ్బలా తాకుతుంది. పాత ఇంజనుల టకటక శబ్దానికి మూలం ఇదే. శక్తి కోసం ఇంధనాన్ని పెంచితే పొగ ఎక్కువయ్యేది. శబ్దాన్ని తగ్గించడానికి ఇంధనాన్ని ముందుగా వేరొక చిన్న గదిలో మండిస్తే, కొంత ఉష్ణం ఆ గది గోడలకు పోయి పొదుపు తగ్గేది. ఒక సుగుణాన్ని పట్టుకొంటే మరొకటి చేజారేది.

ఈ చిక్కును విడదీసిన ఉపాయం సంగం ప్రజలకు సులభంగా బోధపడుతుంది. ఇక్కడ పెన్నపై పాత ఆనకట్టకు చేరువలో నిర్మించిన బ్యారేజి 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. నీరు ఒకచోట తగిన మట్టంలో నిలుస్తుంది. అక్కడి నుండి కనుపూరు, కావలి కాలువలకు గేట్ల ద్వారా అవసరమైనంత మేర విడుదలవుతుంది. ‘కామన్ రైల్’ పద్ధతి కూడా ఇటువంటిదే. పాత పంపులో ఇంధన పీడనం ఇంజను వేగాన్ని బట్టి మారేది. కొత్త పద్ధతిలో సిలిండర్లన్నింటికీ ఉమ్మడిగా ఉండే ఉక్కుగొట్టంలో ఇంధనం అధిక పీడనంతో సిద్ధంగా ఉంటుంది. ఇంజెక్టర్లు గేట్ల వంటివి. ఎప్పుడు, ఎంత వదలాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. 1997లో ఇటలీకి చెందిన ఆల్ఫా రోమియో 156 కారుతో ఈ విధానం కార్లలో ప్రవేశించింది. నేడు ఈ పీడనం కొన్ని ఇంజనులలో వాతావరణ పీడనానికి రెండువేల రెట్లు ఉంటుంది. ఆ ఒత్తిడికి డీజిల్ సన్నని తుంపరగా మారి, గాలితో చక్కగా కలసి మండుతుంది.

ఇంధనాన్ని ఒకేసారి కాక విడతలుగా వదలడం వల్ల నిశ్శబ్దం సాధ్యమైంది. ముందుగా చిమ్మిన అతిస్వల్ప పరిమాణం మండి గదిని వేడెక్కిస్తుంది. తరువాత వచ్చే ప్రధాన భాగం ఆలస్యం లేకుండా అంటుకొని క్రమంగా మండుతుంది. సుత్తిదెబ్బ మెల్లని తోపుగా మారుతుంది. ఇక వ్యర్థంగా పోయే పొగ వేగంతోనే తిరిగే టర్బోచార్జరు మరింత గాలిని సిలిండరులోకి నెట్టి శక్తిని పెంచుతుంది. 1998లో వచ్చిన టాటా ఇండికా 1405 ఘన సెంటీమీటర్ల డీజిల్ ఇంజను శక్తి సుమారు 53 అశ్వసామర్థ్యాలు. 2007లో వచ్చిన మారుతి స్విఫ్ట్ డీజిల్ ఇంజను 1248 ఘన సెంటీమీటర్లదే అయినా, కామన్ రైల్, టర్బోల సాయంతో సుమారు 75 అశ్వసామర్థ్యాలను ఇచ్చింది. పెనుకొండ వద్ద కియా కర్మాగారంలో తయారై 2019లో విడుదలైన సెల్టోస్ కారులో 1493 ఘన సెంటీమీటర్ల డీజిల్ ఇంజను శక్తి 115కు చేరింది.

ఇంతటితో సమస్య తీరలేదు. చెవికి వినిపించే దోషం తగ్గినా, ఊపిరికి హాని చేసే దోషం మిగిలింది. దహనం వేడిగా జరిగితే నత్రజని ఆక్సైడులు పెరుగుతాయి. వేడిని తగ్గిస్తే మసి పెరుగుతుంది. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఈ బరువును నిజాయితీగా మోయలేక వోక్స్‌వ్యాగన్ సంస్థ పరీక్షా సమయంలో మాత్రమే పొగను తగ్గించే సాఫ్ట్‌వేరును కార్లలో అమర్చింది. 2015లో ఆ మోసం బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటి పది లక్షల వాహనాలలో అది ఉన్నట్లు సంస్థే అంగీకరించింది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 నిబంధనలు డీజిల్ కార్ల నత్రజని ఆక్సైడులను కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుండి 80కి, మసి వంటి సూక్ష్మకణాలను 25 నుండి 4.5కు తగ్గించాయి. అందుకు వడపోత పరికరాలు అవసరమయ్యాయి. వాటి వల్ల ఖర్చు పెరిగింది. మారుతి సంస్థ ఆ ఏడాదే డీజిల్ కార్ల తయారీని విరమించుకొంది. వడపోతలో చేరిన మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఊరి వీథులలోనే తిరిగే కారులో ఆ వేడి పుట్టక వడపోత పూడుకుపోవచ్చు. అప్పుడప్పుడు రహదారిపై నిలకడ వేగంతో నడపడమే అందుకు ఉపాయం. కాబట్టి దగ్గరి ప్రయాణాలే ఉన్నవారికి డీజిల్ కారు తగినది కాదు.

నది ఉరవడి అంతా ఒకేసారి పైరుపై పడితే వరద అవుతుంది. కొలిచి వదిలితే పంట అవుతుంది. ఇంజనులోని నిప్పుకూ ఈ నీతి వర్తిస్తుంది. ఇంధనాన్ని తగిన వేళ, తగినంత విడిచినప్పుడే శక్తి, నిశ్శబ్దం, పొదుపు ఒకచోట నిలుస్తాయి. వాటితోపాటు దారి పక్క గ్రామాల వారు పీల్చే గాలిని కూడా లెక్కలోకి తీసుకొన్నప్పుడే ఆ సమతౌల్యం సంపూర్ణమవుతుంది.