ఒక్క ప్రోటాన్ ఘాటు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు నేను జనరల్ సైన్స్ చెబుతాను. గాఢతల పాఠం నడుస్తుండగా ఒకబ్బాయి లేచాడు. "సార్, లండన్‌లో మా అన్న ఈ-సిగరెట్‌లో పోసే వేప్ లిక్విడ్ కొంటాడు. అరవై మిల్లీలీటర్లు పట్టే సీసాలో యాభయ్యే పోసి అమ్ముతారంట. ఇది కొలతలో మోసం కాదా?"

మోసం కాదు. ఆ పది మిల్లీలీటర్ల ఖాళీని పుట్టించింది చట్టం. యూరప్‌లో 2016 నుంచి నికోటిన్ ఉన్న ద్రవాన్ని 10 మి.లీ. మించిన సీసాలో అమ్మకూడదు. మి.లీ.కి 20 మిల్లీగ్రాముల గాఢత దాటకూడదు. నికోటిన్ లేని ద్రవానికి మాత్రం ఈ కట్టడి లేదు. వ్యాపారులు ఆ సందులో దూరారు. ఉత్త రుచి ద్రవం 50 మి.లీ.ను పెద్ద సీసాలో పోసి, 18 మి.గ్రా. గాఢత ఉన్న 10 మి.లీ. బుడ్డిని విడిగా అమ్ముతారు. దాన్ని ఇందులో ఒంపితే 180 మి.గ్రా. నికోటిన్ 60 మి.లీ.లో పరుచుకుంటుంది, అంటే మి.లీ.కి 3. నూరు మి.లీ.కి రెండు బుడ్లు పోసినా లెక్క అక్కడికే వస్తుంది. ఇంటర్మీడియట్ పిల్లలు నిద్రలో కూడా చేసే లెక్క ఇది.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి ప్రశ్న. మి.లీ.కి 18 ఉంటేనే గొంతు మండేది కదా, మరి అమెరికాలో 59 ఉన్న ద్రవాన్ని బడిపిల్లలు సైతం ఎలా పీల్చగలిగారు?

నికోటిన్ అణువులో రెండు నైట్రోజన్లు ఉంటాయి. కథంతా ఐదు మూలల వలయంలో కూర్చున్న నైట్రోజన్‌ది. అది ఒక ప్రోటాన్‌ను తగిలించుకుంటే నికోటిన్‌కు ధనావేశం వచ్చి లవణ రూపంలో ఉంటుంది. తేలిగ్గా ఆవిరి కాదు, కొవ్వు పొరల్ని దాటలేదు. ప్రోటాన్‌ను వదిలేస్తే స్వేచ్ఛా క్షారం. అప్పుడది గాల్లోకి లేస్తుంది, గొంతు పొరల్లోకి చొరబడి మంట పుట్టిస్తుంది. పీహెచ్ 8 దగ్గర సగం ఇటు, సగం అటు. 9కి పెంచితే పదింట తొమ్మిది వంతులు స్వేచ్ఛ. 6కి దించితే నూటికి ఒక్కటే. సీసా మీద రాసిన మిల్లీగ్రాములు మారవు, ఘాటు మాత్రం ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా.

దీన్ని చూడ్డానికి సీసా కూడా అక్కర్లేదు, మన పొగాకు చాలు. లంక పొగాకు చుట్టలో ఆకు మెల్లగా ఆరి మాగుతుంది, ఆ లోపల చక్కెరలు హరించుకుపోతాయి. దాని పొగ క్షారం వైపు మొగ్గుతుంది, నికోటిన్ నోటి పొరల్లోంచే ఎక్కేస్తుంది. చుట్ట కాల్చే తాత పొగను గుండెల్లోకి లాగడు, నోట్లో తిప్పి వదిలేస్తాడు. లాగితే దగ్గే. సిగరెట్‌కు వాడే వర్జీనియా ఆకు సంగతి వేరు. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో వేడికి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, అది ఖర్చయ్యేలోపే ఆకు ఎండిపోతుంది. కాలేటప్పుడు ఆ చక్కెరలే ఆమ్లాలిస్తాయి. పొగ మెత్తబడి ఊపిరితిత్తుల దాకా దిగుతుంది. అక్కడి తడి పీహెచ్ 7.4 చుట్టూ ఉంటుంది కాబట్టి ప్రోటాన్లు ఊడిపోయి నికోటిన్ రక్తంలోకి జారుకుంటుంది. సిగరెట్ చుట్టను ఓడించింది ఈ మెత్తదనంతోనే అని నా నమ్మకం. ఇందిరా పార్కు దగ్గర స్టీలు వంతెన ఎక్కి వీఎస్టీ దగ్గర దిగితే అక్కడ కనబడే వజీర్ సుల్తాన్ టొబాకో 1930లో కంపెనీ అయి, చార్మినార్ బొమ్మను దేశమంతటా జేబుల్లోకి చేర్చింది.

నాకు ఇష్టమైన తగువు అమెరికాది. 1970లలో మార్ల్‌బరో సిగరెట్ తమ విన్‌స్టన్‌ను ఎందుకు మించిపోతోందో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీకి అంతుబట్టలేదు. ఎదుటివాడి పొగను తెచ్చి పీహెచ్ కొలిచారు. ఎక్కువుంది! అమ్మోనియా కలిపి పీహెచ్ పెంచితే నికోటిన్ ఎంత ఉన్నా, అందులో స్వేచ్ఛగా ఉండే వాటా పెరుగుతుందని వాళ్ల 1973 నాటి కాగితాలు చెబుతాయి. కోర్టు కేసుల వల్ల ఆ కాగితాలన్నీ తర్వాత బయటపడ్డాయి. వాటిని శ్రద్ధగా చదివినవాళ్లలో ఆడమ్ బోవెన్, జేమ్స్ మాన్సీస్ అనే స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్లిద్దరున్నారు. వాళ్లు 2015లో తెచ్చిన జూల్ అనే ఈ-సిగరెట్‌లో నడిచింది ఎదురు దారి: క్షారం బదులు బెంజోయిక్ ఆమ్లం. నికోటిన్‌కు ప్రోటాన్ తగిలించి ఘాటు అణచారు, గొంతు ఊరుకుంది కదా అని గాఢతను 59కి పెంచారు. తెలివిగా చేసిన పని, దుర్మార్గంగా పనికొచ్చింది.

ఇక ఊరబెట్టడం. నికోటిన్ బుడ్డి ఒంపి కలిపిన సీసాను చీకటి అరలో రెండు మూడు వారాలు ఉంచితే ఆవకాయలా ఊరి, నికోటిన్ సమంగా కలుస్తుందని వేపర్ల నమ్మకం. సగం నిజం. ద్రవంలో ఎక్కువ పాలు గ్లిసరిన్, దాని స్నిగ్ధత నీటికి సుమారు వెయ్యి రెట్లు. కదపకుండా వదిలేస్తే నికోటిన్ అణువులు వ్యాపనం ద్వారా ఒక్క సెంటీమీటరు పాకడానికి నెలలు పడుతుంది, వారాలు ఏ మూలకూ రావు. అయితే వ్యాపనానికి పట్టే కాలం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. సీసాను గట్టిగా కుదిపితే రెండు ద్రవాలూ సాగి పలచని పొరలవుతాయి, పొర మందం పదో వంతైతే కాలం నూరో వంతు. కాసేపు కుదిపితే అయిపోయే పనికి అర ఎందుకు?

అరలో జరిగేది వేరే. నికోటిన్ ఆక్సీకరణ చెంది ద్రవం గోధుమ రంగుకు తిరుగుతుంది. వెనిలా వాసననిచ్చే వెనిలిన్, దాల్చినచెక్క వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్ రెండూ ఆల్డిహైడ్లు. అవి గ్లిసరిన్‌తో పాటు ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్‌తో గది ఉష్ణోగ్రత దగ్గరే చర్య జరిపి అసిటాల్‌లు అవుతాయి. యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 2018లో దీన్ని కొలిచి, శ్వాసనాళాల్లో చికాకును పసిగట్టే గ్రాహకాలను ఈ అసిటాల్‌లు అసలు రుచి పదార్థాల కంటే గట్టిగా తట్టిలేపుతాయని చూపారు. ఊరాక రుచి మారిందంటే అందులో కొంత ఈ కొత్త పదార్థాల పుణ్యం. సీసా లేబుల్ మీద వాటి పేర్లుండవు.

ఈ-సిగరెట్ మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1960లలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ పొగలేని సిగరెట్‌కు పేటెంట్ తీసుకున్నాడు, కొన్నవాళ్లు లేరు. 2003లో చైనా ఫార్మసిస్ట్ హోన్ లిక్ దాన్ని నిజం చేశాడు. మన దేశంలో వీటిని నిషేధిస్తూ 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరం. మొదటిసారి అమ్మి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ.

అయితే నారాయణగూడలో ఏ మందుల షాపులోనైనా చీటీ లేకుండా దొరికేది 2 మి.గ్రా. నికోటిన్ గమ్, సిగరెట్ మానేవాళ్ల కోసం. అందులో నికోటిన్‌ను రెసిన్‌కు కట్టేసి, పక్కన సోడియం కార్బొనేట్ కలుపుతారు. నమిలితే లాలాజలం క్షారమై, ప్రోటాన్ ఊడి, బుగ్గ లోపలి పొరలోంచి నికోటిన్ ఎక్కుతుంది. చుట్ట పద్ధతే, పొగ లేదంతే. నమిలే ముందు పావుగంట కాఫీ, కూల్‌డ్రింక్ ముట్టొద్దని చెప్పేది ఇందుకే. నోరు ఆమ్లమైతే నికోటిన్ లవణంగానే ఉండిపోయి, ఉమ్మితో పాటు కడుపులోకి పోతుంది.