బోసి చేయి

మూత్రపిండములు చెడినవారి రక్తమును యంత్రముచే శుద్ధిచేయు చికిత్సకు డయాలిసిస్ అని పేరు. ఈ మాట ఒకప్పుడు పట్టణములలోని పెద్ద వైద్యశాలలయందు మాత్రమే వినబడెడిది. నేడు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము పల్లెలలో పసిబిడ్డలకు సైతము తెలిసినది. మా యింటికిని వచ్చినది. మా అత్తగారికి ఈ చికిత్స మొదలై మూడేండ్లు కావచ్చినది. మా వారు బడికి పోవలసినవారగుటచే, వారమునకు మూడు దినములు, దినమునకు నాలుగు గంటలు ఆమె మంచము ప్రక్కన కూర్చుండు పని మాదైనది. అట్లు కూర్చుండి నేర్చుకొన్నదానిని, మేము చేసిన యొక పెద్ద తప్పును దాచక మీకు చెప్పదలచితిమి.

ముందు యంత్రము పనిచేయు తీరు తెలియవలయును. రోగి చేతికి రెండు సూదులు గ్రుచ్చుదురు. ఒకదానినుండి రక్తము యంత్రములోనికి పోవును. శుద్ధియై రెండవదానినుండి దేహములోనికి మరలి వచ్చును. 1943లో హాలెండు దేశమున కోల్ఫ్ అను వైద్యుడు కృత్రిమ మూత్రపిండమును రోగులకు ప్రయోగించిన కాలమున, చికిత్స జరిగినప్పుడెల్ల క్రొత్త రక్తనాళమును వెదకవలసి వచ్చెడిది. నాళములు తీరిపోయిన చికిత్సయు తీరిపోయెడిది. 1966లో అమెరికాలో బ్రెషియా, సిమినో మొదలగు వైద్యులు ముంజేతియందు ధమనిని సిరతో కలిపి కుట్టు విధానమును ప్రకటించిరి. దానినే ఫిస్టులా యందురు. ధమనీరక్తపు వేగముచే ఆ సిర కొన్ని వారములలో ఉబ్బి, గోడ దిట్టమై, పలుమారులు సూదిపోటునకు ఓర్చుకొనును. దానిపై వ్రేళ్లుంచిన, మీటిన తంబుర తీగవలె లోపల అదరుచుండుట తెలియును. ఆ వేగమే రోగికి ప్రాణాధారము. సూది తప్పినపుడు ఆ వేగమే ప్రాణాపాయము.

మొదటి నెలలోనే మాకొక పాఠము లభించినది. యంత్రము నడుచుచుండగా అత్తగారు “చెయ్యి మండుతోందే అమ్మాయీ” అనిరి. సూది గ్రుచ్చిన నొప్పి కలుగుట సహజమేకదా యని మేము ఓర్చుకొమ్మంటిమి. కొంతసేపటికి చేయి గట్టిపడి ఉబ్బినది. సూదిమొన నాళపు గోడను దాటిపోవుటచే రక్తము కండలోనికి చిమ్మినదని నర్సు చెప్పి, వెంటనే యంత్రమును ఆపినది. ఇట్టియెడ సూదిని తీయవలయునో ఉంచవలయునో వారే నిర్ణయింతురు, మనము ముట్టరాదు. మొదటి దినమున గుడ్డలో చుట్టిన మంచుగడ్డను అప్పుడప్పుడు వాపుపై ఉంచవలయును. మరునాటినుండి గోరువెచ్చని కాపడము మేలు. రుద్దరాదు. వాపు తగ్గువరకు ఆ చోట మరల సూది గ్రుచ్చనీయరాదు. నొప్పిని ఓర్చుకొనుట మన యిండ్లలో గొప్ప గుణము. డయాలిసిస్ మంచముపై అది గుణము కాదు.

ఇక మా తప్పు. పుష్యమాసమున ఒకనాడు అత్తగారికి వణకు పుట్టినది. మేము శాలువను మెడవరకు, చేతులమీదుగా కప్పితిమి. ఆమె కన్ను మూసినది. మేము భారతము తెఱచి సావిత్రి కథ చదువుకొనుచుంటిమి. కొంతసేపటికి శాలువ అంచు మా చేతికి తడిగా తగిలినది. నీరొలికినదని తలచి ఎత్తి చూతుముగదా, పఱుపంతయు నెత్తురు! చెమటకు పట్టీ వదలి, రక్తమును దేహములోనికి పంపు సూది ఊడివచ్చినది. యంత్రము మాత్రము ఏమియు నెఱుగనట్లు తిరుగుచునే యున్నది. మా కేకకు నర్సు పరుగున వచ్చి, పంపునాపి, గొట్టమును బిగించి, రంధ్రమును అదిమిపట్టినది. అత్తగారు బ్రతికినది మా భాగ్యము. యముని వెంట నడచిన సావిత్రి కన్ను మరల్పలేదు. ఆమె కథ చదువుచు మేము మరల్చితిమి.

యంత్రమేల కూయలేదని తరువాత అడిగితిమి. అది గొట్టములోని ఒత్తిడిని మాత్రమే కొలుచునట. సూది సన్ననిదగుటచే, అది చేతినుండి జాఱినను ఒత్తిడి మిక్కిలి తగ్గదు. కావున యంత్రము కనిపెట్టకపోవచ్చును. నిమిషమునకు 300 మిల్లీలీటర్ల చొప్పున ప్రవహించు రక్తము అయిదు నిమిషములలో లీటరున్నర బయటికి పోవును. పెద్దవారి దేహమున నుండునది సుమారు 5 లీటర్లే! కావున రోగికి ఎంత చలివేసినను దేహమును కప్పుడు, కాళ్లను కప్పుడు. సూదులున్న చేతిని కప్పకుడు. గొట్టములు వ్రేలాడి సూదిని లాగకుండునట్లు పట్టీ వేసిరో లేదో చూడుడు. పట్టీ తడిసిన మార్పింపుడు. యంత్రమును ఆపు మీట యేదో మొదటినాడే నర్సునడిగి తెలిసికొనుడు.

చికిత్స ముగిసి సూదులు తీసిన పిమ్మట నెత్తురు నిలుపుట మఱియొక విద్య. రక్తస్రావమును నిలుపుటకు సంధానము, స్కందనము, పాచనము, దహనము అని సుశ్రుతుడు నాలుగు ఉపాయములు చెప్పెను. మనకు కావలసినది రెండవదగు స్కందనము, అనగా గడ్డకట్టుట. యంత్రములో రక్తము గడ్డకట్టకుండుటకు హెపారిన్ అను మందిత్తురు. దాని బలము తగ్గుటకు కొంత కాలము పట్టును. సూది పూర్తిగా వెలుపలికి వచ్చిన పిదపనే అదుమవలయును. చర్మముపై రంధ్రమొకటి, దానికి కొంచెము పైన నాళమునకు రంధ్రమొకటి యుండును. రెండువ్రేళ్లతో రెండింటిని మూయవలయును. పదినిమిషములు కదలింపరాదు, నిలిచినదా యని దూది యెత్తి చూచిన, కట్టిన గడ్డ విడిపోవును. మిక్కిలి బిగువుగా అదిమిన ఫిస్టులాయే మూసికొనిపోవును. వ్రేళ్లక్రింద అదురు తెలియుచుండవలయును. అరగంటయైనను నిలువకున్న వైద్యునికి చెప్పుడు. పైన నాళము సన్నగిల్లియుండవచ్చును.

ఇంటివద్ద నెత్తురు చిమ్మిన, పసుపో కాఫీపొడియో అద్దుచు కాలము గడపకుడు. తువాలు చుట్టిన అది నెత్తురును త్రాగునేగాని ఆపదు. వ్రేలితో రంధ్రమును గట్టిగా అదిమి, రోగిని పరుండబెట్టి, చేయి పైకెత్తి, 108కి కబురు చేయుడు. వ్రేలు నిలువకున్న చిన్న సీసామూతను రంధ్రముపై బోర్లించి అదుముడు. ఫిస్టులాపై చర్మము పలుచనై మెఱయుచున్నను, పెద్ద పక్కు కట్టినను, ఎఱ్ఱబాఱి చీము పట్టినను, కొంచెము నెత్తురు వచ్చి తానై నిలిచినను ఆనాడే వైద్యశాలకు పోవలయును. ఆ చిన్న స్రావము పెద్దదానికి ముందు వచ్చు హెచ్చరిక కావచ్చును.

ఆ చేతికి బిగువైన గాజులు, రక్తపుపోటు పట్టీ, బరువులు తగవు. అత్తగారు ఎడమచేతి గాజులు తీసి కుడిచేతికే వేసికొన్నపుడు, ముత్తైదువ చేయి బోసిగా ఉండునాయని పేరంటమున నలుగురు నొచ్చుకొనిరి. ఆమె మాటాడక తలవంచుకొన్నది. మేమును ఆనాడు సిగ్గుపడితిమి. ఇప్పుడు సిగ్గులేదు. ఆ బోసిచేయి కనబడుచున్నంతసేపు ఆమె మా యింట నున్నది.

ఇప్పుడు చికిత్సవేళ ఆమె కన్ను మూయుటకు ముందు “చెయ్యి కనపడుతోందా?” అని అడుగును. “కనపడుతోంది అత్తయ్యా” అందుము. పుస్తకము సంచిలోనే యుండును.