కొరియన్ పురుషనామం ‘జిహున్’: అర్థనిర్ణయం - ఒక పరిశీలన

కీలక పదాలు: నామవిజ్ఞానం, హంజా, హంగుల్, సమధ్వనులు, లిప్యంతరీకరణ.

1. ఉపోద్ఘాతం:
దక్షిణ కొరియా సుప్రీంకోర్టు వెల్లడించిన వివరాల ప్రకారం 1988లో జన్మించిన మగశిశువులకు అత్యధికంగా పెట్టిన పేరు ‘జిహున్’. 1958లో ఆ స్థానం ‘యొంగ్‌సు’ది కాగా, 2008లో ‘మిన్‌జున్’ది. పేర్ల అర్థాలు చెప్పే జనప్రియ పట్టికలు ‘జిహున్’ వంటి పేరుకు తరచు ఒకే అర్థం ఇస్తాయి. నామనిర్మాణాన్ని పరిశీలిస్తే ఈ పద్ధతి నిలవదు.

2. నామనిర్మాణం:
తెలుగువారి వలెనే కొరియన్లకూ ఇంటిపేరు ముందు, వ్యక్తినామం తరువాత వస్తాయి. వ్యక్తినామం సాధారణంగా రెండక్షరాలు. సంప్రదాయ నామాలలో ప్రతి అక్షరానికీ మూలంగా ‘హంజా’ అనే చైనా లిపిచిహ్నం ఉంటుంది. మధ్యకాలపు చైనీస్‌లో వేరుగా ఉన్న అనేక ఉచ్చారణలు కొరియన్‌లో ఏకమయ్యాయి. అందువల్ల ‘జి’ అనే ధ్వనికి జ్ఞానం, సంకల్పం, ఎరుక మొదలైన అర్థాలున్న చిహ్నాలు, ‘హున్’ అనే ధ్వనికి ఘనకార్యం, పరిమళం, ఉపదేశం అనే అర్థాలున్న చిహ్నాలు ఉన్నాయి. ఈ మూడేసింటినే తీసుకొన్నా 9 వేర్వేరు పేర్లు ఏర్పడతాయి. తెలుగులో ‘హరి’ వంటి నానార్థపదానికి రాత ఒకటే. ఇక్కడ ధ్వని ఒకటే, రాత వేరు.

3. ఉదాహరణలు:
కవి చో జిహున్ (1920-1968) అసలు పేరు దోంగ్‌తాక్. ‘జిహున్’ ఆయన కలంపేరు. అందులోని రెండు చిహ్నాలూ ఓషధి, పరిమళాలకు సంబంధించినవి. ‘రెయిన్’గా ప్రసిద్ధుడైన గాయకుడు జంగ్ జిహున్ పేరులో రెండవ చిహ్నం అదే; మొదటిది మాత్రం జ్ఞానవాచకం.

4. చారిత్రక నేపథ్యం:
సిల్లా రాజ్యకాలంలో దేశ్యనామాలను చైనా చిహ్నాలతో రాసేవారు. సేనాని గొచిల్బు పేరు 1145 నాటి ‘సాంగుక్ సాగి’లో ధ్వనిని అనుసరించిన రూపంలోనూ, ‘గరుకు’ అనే అర్థాన్ని అనుసరించిన రూపంలోనూ కనిపిస్తుంది. తరువాతి కాలంలో వంశంలోని ఒకే తరంవారికి ఉమ్మడి అక్షరం పెట్టే ఆచారం బలపడింది. కర్ర, అగ్ని, భూమి, లోహం, జలం అనే పంచతత్త్వాల క్రమాన్ని పలు వంశాలు పాటించాయి. ఘనకార్యవాచకమైన ‘హున్’ చిహ్నం అడుగున అగ్నిసూచకం ఉంది. కనుక దానిని అర్థం కోసం గాక, తరం గుర్తుగానే ఎంచుకొని ఉండవచ్చు. 1991 నుంచి పేర్లకు వాడదగిన హంజాల జాబితాను చట్టం పరిమితం చేసింది.

5. తెలుగు లిప్యంతరీకరణ:
ఆంగ్లంలో ‘డబుల్ ఓ’తో రాసే అలవాటు వల్ల తెలుగులో ‘జిహూన్’ అనే దీర్ఘరూపం వ్యాపించింది. హంగుల్‌లో దీర్ఘాన్ని సూచించే గుర్తు లేదు. ‘జిహున్’ అనడమే మూలానికి దగ్గర.

6. ముగింపు:
కొరియన్ నామార్థాన్ని ధ్వని ఆధారంగా నిర్ణయించలేము. ఆ వ్యక్తి పేరుకు నమోదైన హంజా, వంశాచారం తెలిసినప్పుడే అర్థనిర్ణయం సాధ్యం. అవి లభించనప్పుడు సాధ్యమైన అర్థాలను పేర్కొనడం వరకే పరిశోధకుని పరిధి.