గ్యాలన్‌కు రెండు వందల మైళ్లు: పోగ్ కార్బురేటర్ కథ

పెట్రోలు ద్రవరూపంలో ఉండగా మండదు. సన్నని తుంపరగా చీలి, ఆవిరై, తగినంత గాలితో కలిసిన తరువాతనే నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ పాళ్లను కలిపే పనిని దశాబ్దాలపాటు కార్బురేటర్ చేసింది: ఇరుకైన గొంతు గుండా గాలి వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది, దాంతో జెట్ అనే సన్నని రంధ్రం నుంచి పెట్రోలు పైకి చిమ్మి తుంపరవుతుంది. ఆ తుంపరలో కొన్ని బిందువులు ఆవిరి కాకుండానే సిలిండరులోకి చేరుతాయన్న మాట నిజం. మైలేజీ పెంచుతామని వాగ్దానం చేసిన ఉపకరణాలన్నిటిలోకీ పేరు మోసిన పోగ్ కార్బురేటర్ ఈ నిజం మీదనే పుట్టింది.

కెనడాలోని విన్నిపెగ్‌కు చెందిన చార్లెస్ నెల్సన్ పోగ్ 1930 నుంచి 1936 వరకు తన కార్బురేటర్‌కు అమెరికాలో పేటెంట్లు పొందాడు. ఇంజను నుంచి వెలువడే వేడితో పెట్రోలును ముందే పూర్తిగా ఆవిరి చేసి, ఆ పొడి ఆవిరిని మాత్రమే సిలిండరుకు పంపాలన్నది అతని ఆలోచన. గ్యాలన్‌కు 200 మైళ్లు వస్తాయని ఆనాడు ప్రచారం జరిగింది. కెనడాలో అప్పుడు వాడుకలో ఉన్న గ్యాలన్ ప్రకారం అది లీటరుకు సుమారు 70 కిలోమీటర్లు.

ఈ అంకెను పరీక్షించడానికి కారు కూడా అక్కరలేదు, శక్తి లెక్క చాలు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల ఉష్ణశక్తి ఉంటుంది. ఆనాటి కారు 1,100 కిలోల బరువుతో, చదునైన రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నిలకడ వేగంతో సాగుతుందనుకుంటే, టైర్లు దొర్లడంలో కలిగే నిరోధాన్నీ గాలి ఎదురునూ కలిపి అది అధిగమించవలసిన బలం దాదాపు 300 న్యూటన్లు ఉంటుంది. ఆ బలానికి ఎదురుగా 70 కిలోమీటర్లు పోవడానికి 21 మెగాజౌళ్లు ఖర్చవుతాయి, అంటే పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులు చక్రాలకు చేరాలి. ఆనాటి పెట్రోలు ఇంజన్లు పావు వంతును కూడా అరుదుగానే అందుకునేవి; నేటి భారీ ఓడల డీజిల్ ఇంజన్లు సైతం సగానికి కొద్దిగా పైన మాత్రమే ఉన్నాయి.

పొరపాటు ఎక్కడుందంటే, ఇంధనం మండకుండా వృథా అవుతోందన్న ఊహలో ఉంది. సరిగా సర్దిన ఇంజనులో మండకుండా మిగిలే ఇంధనం కొద్ది శాతమే. అసలు నష్టమంతా పూర్తిగా మండిన తరువాత జరుగుతుంది, ఆ వేడిలో పెద్ద భాగం పొగగొట్టం గుండానూ రేడియేటర్ గుండానూ బయటికి పోతుంది. ఆవిరిని ఎంత శ్రద్ధగా తయారుచేసినా ఈ దారులు మూసుకోవు. పైగా వేడెక్కిన ఆవిరి ఎక్కువ చోటు ఆక్రమించి సిలిండరులోకి వచ్చే గాలిని తగ్గిస్తుంది, ఇంధనం అదుపు తప్పి అంటుకునే నాకింగ్ అనే దోషాన్ని పెంచుతుంది.

చమురు కంపెనీలు ఆ కార్బురేటర్‌ను కొని దాచేశాయన్న కథనం నేటికీ వినిపిస్తుంది. కాని పేటెంటు పత్రం బహిరంగ పత్రం. అప్పటి అమెరికా చట్టం ప్రకారం దాని గడువు పదిహేడేళ్లు కాబట్టి, 1953 నాటికి పోగ్ పేటెంట్లన్నీ ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగలిగేవి అయ్యాయి. 1973 చమురు సంక్షోభంలో ప్రతి లీటరూ లెక్కకు వచ్చిన రోజుల్లో కూడా ఏ దేశంలోని ఏ కంపెనీ వాటిని చేపట్టకపోవడాన్ని ఈ కథనం వివరించలేదు. పేటెంటు ఇచ్చే హామీ ఆ ఆలోచన కొత్తదన్నంతవరకే గాని, మైలేజీకి కాదు.

ఆ సంక్షోభమే కొత్త ఉపకరణాలను కుప్పలుగా తెచ్చింది. గాలిని సుడి తిప్పే రెక్కలు, అదనపు గాలిని చేర్చే కవాటాలు, ఇంధన గొట్టానికి బిగించే అయస్కాంతాలు, నీటిని విడగొట్టి హైడ్రోజన్ ఇచ్చే పెట్టెలు కాలక్రమంలో అంగళ్లకెక్కాయి. పెట్రోలు అణువులను అయస్కాంతం చెప్పుకోదగినంతగా ప్రభావితం చేయదు; ఇక హైడ్రోజన్ పెట్టెకు కావలసిన కరెంటును ఇంజను నడిపే ఆల్టర్నేటరే ఇవ్వాలి గనుక, మార్పిడిలో ప్రతి దశలోనూ కొంత నష్టపోయి, తిరిగి వచ్చేది పెట్టినదానికంటే తక్కువే అవుతుంది. 1975 నాటి అమెరికా చట్టం ఇటువంటి ఉపకరణాలను పరిశీలించే బాధ్యతను పర్యావరణ పరిరక్షణ సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ వందకు పైగా ఉపకరణాలను పరిశీలించగా వాటిలో అత్యధికం ఏ లాభమూ చూపలేదు. స్వల్ప లాభం చూపిన కొద్దిపాటి వాటిలోనూ కొన్ని కాలుష్యాన్ని పెంచాయి.

అయినా కొన్నవారు మైలేజీ పెరిగిందని చెప్పడం అబద్ధం కానక్కరలేదు. ఉపకరణం బిగించేటప్పుడే మెకానిక్ ఇంజనును సర్దవచ్చు, టైర్లలో గాలి సరిచూడవచ్చు. డబ్బు పెట్టిన మనిషి ఆక్సిలరేటర్‌ను మునుపటికంటే నెమ్మదిగా తొక్కుతాడు. ఈ మేలును ఉపకరణపు మేలు నుంచి విడదీయడానికే ప్రయోగశాలలో కారును రోలర్ల మీద నిలిపి, ఒకే వేగక్రమంలో, ఉపకరణంతోనూ అది లేకుండానూ పలుమార్లు నడిపి కొలుస్తారు. ఆ శ్రమ లేని ప్రశంసాపత్రం ఎంత నిజాయితీగా రాసినదైనా సాక్ష్యంగా నిలవదు.

1976లో వోల్వో కార్లలోకి వచ్చిన లాంబ్డా సెన్సర్ ఈ ఉపకరణాలకు మిగిలిన కాస్త చోటును కూడా లాగేసుకుంది. అది పొగలోని ఆక్సిజన్‌ను పసిగట్టి కంప్యూటర్‌కు తెలుపుతుంది. కంప్యూటర్ ఇంధనాన్ని వెంటనే సర్దుతుంది కాబట్టి, మధ్యలో చేర్చిన అదనపు గాలి ప్రభావం చాలావరకు చెరిగిపోతుంది. భారతదేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు వచ్చేదాకా మోటారు సైకిళ్లలో కార్బురేటర్లే ఎక్కువ గనుక ఇక్కడ ఆ చోటు ఇంకొన్నాళ్లు నిలిచింది. ఇంజన్లలో నిజమైన మెరుగుదల మాత్రం లోపలి నుంచే వచ్చింది: సంపీడనాన్ని పెంచి, వాయువుల వ్యాకోచాన్ని పొడిగించి, రాపిడిని తగ్గించిన మీదట, 2015లో వచ్చిన టొయోటా ప్రియస్ ఇంజను తన అత్యుత్తమ స్థితిలో ఇంధనశక్తిలో 40 శాతాన్ని పనిగా మార్చగలిగింది.