బనగానపల్లె నవాబు, టోంగా రాజు: చిన్న గద్దెల పెద్ద లెక్క

255 చదరపు మైళ్లు, అంటే సుమారు 660 చదరపు కిలోమీటర్లు. 1948 దాకా కర్నూలు జిల్లా నడుమ నవాబుల ఏలుబడిలో ఉన్న బనగానపల్లె సంస్థానం విస్తీర్ణం అది. పసిఫిక్ మహాసముద్రంలో నేటికీ రాజు ఏలే టోంగా దీవులన్నిటి భూమినీ కలిపినా సుమారు 750 చదరపు కిలోమీటర్లే. రెండూ బ్రిటిష్ నీడన బతికిన చిన్న గద్దెలే. ఒకటి చరిత్రలో కలిసిపోయింది, ఇంకొకటి నిలిచింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే, ఏలే మనిషికి అడ్డు చెప్పగలిగేది ఎవరన్న ప్రశ్నకు అంకెల్లోనే జవాబు దొరుకుతుంది.

చుట్టూ కూలినా మిగిలిన గద్దె

రాయలసీమలో నవాబుల గద్దెలు ఒక్కొక్కటిగా పోయాయి. కడప నవాబుల అధికారం 18వ శతాబ్దం చివర్లో హైదర్ అలీ దెబ్బకు ముగిసింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అప్పుడు వచ్చిందే. ఆయుధాలు పోగేస్తున్నాడన్న అనుమానంతో 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ గద్దె దింపింది.

బనగానపల్లె మాత్రం మిగిలింది. 1901 జనగణన నాటికి అక్కడి జనాభా 32,264. మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న సంస్థానాలు ఐదే: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరు, బనగానపల్లె. ఇంత చిన్న సంస్థానమైనా దాని నవాబుకు 9 తుపాకుల వందనం దక్కేది.

అడ్డు చెప్పింది మద్రాసు

తుపాకుల వందనం గౌరవానికి గుర్తు, అధికారానికి కాదు. నవాబు అప్పుల్లో కూరుకుపోవడంతో 1832లో మద్రాసు ప్రభుత్వం పాలనను తన చేతిలోకి తీసుకుంది. తిరిగి అప్పగించింది 1848లో. అంటే 16 ఏళ్లు గద్దె ఉంది, పాలన మాత్రం మద్రాసుది. 1905లో ఖజానా మళ్లీ అదుపు తప్పింది. అప్పుడూ మద్రాసు కొన్ని నెలలు పగ్గాలు పట్టింది.

ఈ రెండు ఘట్టాల్లోనూ నవాబును లెక్క అడిగింది పైనున్న ప్రభుత్వమే. పన్ను కట్టిన రైతుకు ఆ లెక్క అడిగే చోటు లేదు. వానలు ముఖం చాటేస్తే శిస్తు కట్టలేక కుంగిపోయే మెట్టసీమలో ఇది చిన్న లోపం కాదు.

టోంగా దారి వేరు

టోంగా రాజు మొదటి జార్జ్ టుపౌ 1862లో సామాన్యులను దొరల వెట్టి నుంచి విడిపించాడు. 1875 నవంబరు 4న రాతపూర్వక రాజ్యాంగం ఇచ్చాడు. 1900లో ఆ దేశం బ్రిటిష్ రక్షణలోకి వెళ్లింది, 1970లో బయటికొచ్చింది. అన్నాళ్లూ గద్దె కదల్లేదు. అయితే మంత్రులను ఎంచుకునే అధికారం రాజుదే కావడంతో ప్రజలు ఎన్నుకున్న వాళ్లు సభలో ఎప్పుడూ తక్కువే. 2006లో సంస్కరణల కోసం సాగిన ఉద్యమం అల్లర్లుగా మారి, రాజధాని నుకువలోఫాలో 8 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 2010లో నియమాలు మారాయి.

ఇప్పుడు శాసనసభలో ఎన్నికయ్యే స్థానాలు 26. ప్రజలకు 17, వంశపారంపర్య దొరలకు 9. ఆ దొరల బిరుదులు మొత్తం 33. వాళ్లు తమలో తామే ఓటేసుకుని 9 మందిని పంపుతారు. అంటే దొరలకు నలుగురు కూడా నిండని లెక్కన ఒక స్థానం. దేశ జనాభా సుమారు లక్ష కాబట్టి మిగతా జనానికి దాదాపు 6,000 మందికి ఒక స్థానం.

ప్రధానిని ఈ సభే ఎన్నుకుంటుంది. అందుకు 14 ఓట్లు కావాలి. దొరలు 9 మందీ ఒక్కమాట మీదుంటే, ప్రజాప్రతినిధుల్లో 5 మంది కలిసొస్తే చాలు. ప్రజల పక్షాన నిలిచిన పార్టీ దొరల తోడు లేకుండా గెలవాలంటే 17లో 14 స్థానాలు రావాలి. కష్టమే, కానీ అసాధ్యం కాదు. 2014లో ప్రజల పక్షపు పార్టీ నేత అకిలిసి పోహివా 15-11 ఓట్లతో ప్రధాని అయ్యాడు. దొర కాని వ్యక్తిని సభ ప్రధానిగా ఎన్నుకోవడం అదే మొదలు. 2017లో రాజు సభను రద్దు చేశాడు. జనం పోహివా పార్టీకి సరిగ్గా 14 స్థానాలిచ్చి తిప్పి పంపారు. రాజుకు సభను రద్దు చేసే అధికారముంది, సభ చేసిన చట్టానికి సమ్మతి నిరాకరించే హక్కూ ఉంది. కానీ ఎవరు తిరిగి రావాలన్నది ఓటర్లు తేల్చారు.

బనగానపల్లెలో 1948 తర్వాత

1948లో చివరి నవాబు ఫజ్లే అలీ ఖాన్ భారత యూనియన్‌లో చేరిన తర్వాత సంస్థానం కర్నూలు జిల్లాలో కలిసింది. ఐదేళ్లకే, 1953లో, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 2022 నుంచి బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఉంది.

నేటి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్థానాలు 175. వాటిలో బనగానపల్లె ఒకటి. వంశం పేరున రిజర్వు చేసిన కుర్చీ అందులో ఒక్కటీ లేదు. నవాబు వారసుడి ఓటూ నాపరాయి గనుల్లో పనిచేసే కూలీ ఓటూ పెట్టెలో ఒకే తూకం. టోంగా ప్రజలు 17 స్థానాల కోసం అంత పోరాడాల్సి వస్తే, మనకు అన్ని స్థానాలూ రాజ్యాంగంతోనే చేతికొచ్చాయి. కాబట్టి మన బాధ్యత ఇంకా పెద్దది. ఖజానా ఖర్చును ప్రశ్నించడానికి మద్రాసు వైపు చూడాల్సిన రోజులు పోయాయి. ఆ ప్రశ్న అడగాల్సింది ఓటు వేసినవాళ్లే, ఐదేళ్లకోసారి కాదు, ప్రతి బడ్జెట్‌కూ.