ఉద్యానవనం ఎవరిది?

మా బడి మురికివాడ అంచున ఉంది. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలకు ‘మా పేట పార్కు’ అని వ్యాసం ఇచ్చాను. అందరూ గులాబీలనూ, ఫౌంటెన్లనూ, నెమళ్లనూ వర్ణించారు. ఆ పేటలో అసలు పార్కు లేదు. తప్పు నాదే. మన కథల్లోనూ పార్కు తరచు ఇలాగే, ప్రేమికులు కలుసుకునే బెంచీగా వచ్చిపోతుంది. పార్కుకొక చరిత్ర ఉందనీ, అది వర్గాల చరిత్ర అనీ గ్రహిస్తే మన వర్ణన మారుతుంది. ఇందుకు లండన్ నగరంలోని రెండు పార్కులను పరిశీలిద్దాం.

19వ శతాబ్దం పూర్వార్ధంలో తూర్పు లండన్ రేవు కూలీలతో, నేతగాళ్లతో కిక్కిరిసి ఉండేది. పేరున్న పార్కులు పడమటి దిక్కున, రాచభవనాల దగ్గర ఉండేవి. జననమరణాల లెక్కలు పరిశీలించే విలియం ఫార్, తూర్పున ఉద్యానవనం ఉంటే వేలాది మరణాలు తప్పుతాయని 1839లో సూచించాడు. 1840లో ముప్పైవేల సంతకాలతో విక్టోరియా రాణికి అర్జీ వెళ్లింది. 1841లో పార్లమెంటు చట్టం చేసింది. 1845లో విక్టోరియా పార్కు జనానికి దక్కింది.

పాలకులు కేవలం దయతో ఇవ్వలేదు. తూర్పున పుట్టిన అంటురోగం తూర్పునే ఆగదన్న భయం ఉంది. కూలివాడు సారాకొట్టు మాని ‘సభ్యత’ నేరుస్తాడన్న ఆశ ఉంది. ప్రజలు మాత్రం తమ అవసరాలకే దాన్ని వాడుకున్నారు. ఇంట్లో స్నానపు వసతి లేనివాళ్లు అక్కడి చెరువులో స్నానాలు చేశారు. 1848లో చార్టిస్టులు అక్కడ సభ పెట్టారు. తరువాతి కాలంలో సోషలిస్టు కవి విలియం మోరిస్ అక్కడే ఉపన్యసించాడు.

రెండవది దక్షిణాన ఉన్న కెన్నింగ్టన్ కామన్. అది అందరిదైన బయలు. 1848 ఏప్రిల్ 10న చార్టిస్టుల మహాసభ జరిగింది అక్కడే. కొద్ది సంవత్సరాలకే ఆ బయలుకు కంచె వేసి, మొక్కలు నాటి, 1854లో పార్కుగా తెరిచారు. ఒకచోట జనం అడిగి పార్కు సాధించుకున్నారు. మరొకచోట పార్కు పేరిట జనం బయలు పోగొట్టుకున్నారు.

ఈ రెండు ధోరణులూ మన పట్టణాల్లో నేటికీ ఉన్నాయి. తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగస్థలం ఉండాలని 2014లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు సూచించాయి. అయితే సగటు లెక్క మోసం చేస్తుంది. ఊరి ఆ చివర వంద ఎకరాల వనమున్నా ఈ చివరి పేట పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. ‘సుందరీకరణ’ పేరిట కాలువగట్టు గుడిసెలు పీకి పార్కు వేస్తే, అది ఎవరికోసమో వేరే చెప్పనక్కరలేదు. కనుక కొత్త పార్కును చూసినప్పుడు రచయిత కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఇంతకుముందు ఆ నేలమీద ఎవరున్నారు? టిక్కెట్టు ఎంత? కూలిపని దిగివచ్చే వేళకు గేటు తెరిచి ఉంటుందా? ఆడపిల్ల నిర్భయంగా కూర్చోగలదా?

మరుసటి ఏడు వ్యాసం పేరు ‘మేం ఆడుకునే చోటు’ అని మార్చాను. నెమళ్లు మాయమయ్యాయి. శ్మశానం పక్క జాగా, లారీలు తిరిగే రోడ్డు, గాజుపెంకులు వచ్చాయి. ఒక అమ్మాయి ఒకే వాక్యం రాసింది: ‘మమ్మల్ని ఆటకు పంపరు.’ తరగతిలో మంచి వ్యాసం అదే.